మీ ప్రశ్న – మా మాట: ఈ నెల మలయాళ కవి సచ్చిదానందన్ గురించి

పోయిన సంచికలో మలయాళ కవి, అనువాదకుడు కె. సచ్చిదానందన్ మీద అరపేజీ పరిచయం వేశాం కదా, దాని మీద ఉత్తరాలు, మెయిల్స్ బాగానే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, మిగతావి ఇక్కడ ఇస్తున్నాం.

అక్కా, సచ్చిదానందన్ అంటే హిందీ అజ్ఞేయ అనుకున్నాను, ఆయన అసలు పేరు కూడా సచ్చిదానంద వాత్స్యాయనే కదా. ఈయన వేరే అని మీ వ్యాసం చదివాకే తెలిసింది. కొంచెం వివరంగా చెప్తారా? – డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

వేరే వేరే బాబూ. అజ్ఞేయ హిందీ ఆయన, ముందు తరం. మన సచ్చిదానందన్ 1946 మే 28న త్రిస్సూర్ జిల్లా కొడుంగల్లూర్ పక్కన పుల్లూట్ అనే ఊళ్ళో పుట్టారు. మధ్యతరగతి కుటుంబం, చుట్టూ కొబ్బరితోటలు, నీళ్ళు. తన చిన్నతనం గురించి ఆయన రాసుకున్న ముక్క ఒకటి నాకు చాలా ఇష్టం. కాకులతో, పిల్లులతో, చెట్లతో మాట్లాడటం వాళ్ళమ్మ నేర్పిందట, దేవుళ్ళతో ఆత్మలతో మాట్లాడటం భక్తిపరుడైన నాన్న నేర్పారట, ఇక మతిస్థిమితం లేని అమ్మమ్మేమో రోజూ ఉండే ఈ బతుకు నుంచి తప్పించుకోడానికి పక్కనే ఇంకో లోకం కట్టుకోవడం నేర్పిందట. ఆయన కవిత్వంలోకి పోయేకొద్దీ ఈ ముగ్గురూ మళ్ళీ మళ్ళీ ఎదురవుతూనే ఉంటారు.

ఎర్నాకుళం మహారాజాస్ కాలేజీలో ఇంగ్లీష్ ఎంఏ చేసి, ఆ తర్వాత ఇరింజాలకుడ క్రైస్ట్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఇంగ్లీష్ పాఠాలు చెప్పారు. పోస్ట్ స్ట్రక్చరలిజం అనే సాహిత్య సిద్ధాంతం మీద పీహెచ్‌డీ కూడా ఉంది. మొదటి కవితా సంపుటి 'అంజు సూర్యన్', అంటే అయిదు సూర్యులు, 1971లో వచ్చింది. కొత్త కవిత్వాన్ని వెనకేసుకొస్తూ రాసిన విమర్శ పుస్తకం 'కురుక్షేత్రం' అంతకు ఏడాది ముందే వచ్చేసింది. ముందు వాదన, తర్వాత కవిత్వం అన్నమాట. 'జ్వాల' అని ఒక లిటిల్ మ్యాగజైన్ కూడా నడిపారు.

ఇంకొకటి, అడగకపోయినా చెప్పాలనిపిస్తోంది. ఆయన పుట్టిన ఊరి పక్కన కొడుంగల్లూర్ ఉంది చూడండి, అది అనువాదాలకి పాత కాణాచి. కుంజికుట్టన్ తంపురాన్ అని అక్కడి రాజవంశం ఆయన, మహాభారతం మొత్తం ఒక్కడే కూర్చుని శ్లోకానికి శ్లోకం ఛందస్సుతో సహా మలయాళంలోకి దించేశాడు, అదీ 874 రోజుల్లో అని చెప్తారు. మనకి భారతం తెలుగులోకి రావడానికి ముగ్గురు కవులు, రెండు మూడు శతాబ్దాలు పట్టింది, కావ్యంగా మనదే గొప్ప అని నేనంటాను గానీ ఆ పట్టుదలకి మాత్రం దండం పెట్టాలి. పక్క భాషలో ఉన్న మంచిదాన్ని మన భాషలోకి తెచ్చుకోవడం పెద్ద పని అనే నమ్మకం ఆ గాలిలోనే ఉందేమో.

అన్నీ బానే రాసిన్రు గానీ అసలు సంగతి దాటేసిన్రు అక్కా. ఆయన నక్సలైట్లతోని తిరిగిండా లేదా? సీపీఎం మనిషా? వామపక్ష కవి అంటే ఏ పక్షం? – ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

దాటెయ్యలేదు సార్, అరపేజీలో పట్టలేదు అంతే. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను, ఇది ఒక్క మాటలో తేలే సంగతి కాదు.

కేరళలో ఆయన తరం పెరిగిన వాతావరణం ముందు చూడాలి. 1957 ఏప్రిల్‌లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ ముఖ్యమంత్రిగా కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చేనాటికి ఈయనకి పదేళ్ళు దాటాయి, 1959 జులై ఆఖర్న కేంద్రం దాన్ని రద్దు చేసేనాటికి పదమూడు. ఊరూరా గ్రంథాలయం, టీకొట్టు దగ్గర పేపర్ పైకి చదివితే పదిమంది వినడం, కెపిఏసీ అనే వామపక్ష నాటక సంఘం వాళ్ళ నాటకాలు, ఆ నాటకాల్లో కవి ఓఎన్‌వీ రాసిన పాటలు జనం నోళ్ళలో. మన ప్రజానాట్యమండలి రోజులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అంటే అక్కడ ఎడమ వైపు ఉండటం ఎవరో పుస్తకం చదివి తీసుకున్న నిర్ణయం కాదు, పెరట్లో బావిలా ఇంటితో పాటే ఉన్న సంగతి.

తర్వాత 1970 ఫిబ్రవరిలో వయనాడ్ తిరునెల్లి అడవుల్లో నక్సలైట్ నాయకుడు వర్ఘీస్‌ని పోలీసులు చంపేశారు. ఎన్‌కౌంటర్ అన్నారు, చాలా ఏళ్ళ తర్వాత 1998లో ఒక కానిస్టేబులే బయటికొచ్చి పట్టుకున్నాక నాతోనే కాల్పించారు అని చెప్పాడు, 2010లో పెద్ద ఆఫీసర్‌కి శిక్ష పడింది. ఎమర్జెన్సీలో 1976 మార్చిలో కాలికట్ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు రాజన్‌ని పట్టుకెళ్ళారు, కక్కయం క్యాంపులో చంపేశారు, వాళ్ళ నాన్న ఈచర వారియర్ కోర్టుకెక్కితే 1977లో కరుణాకరన్ ముఖ్యమంత్రి పదవి పోయింది గానీ కొడుకు శవం మాత్రం ఆ తండ్రికి దొరకలేదు. ఆ కాలంలో రాస్తున్న ఏ కవీ ఈ రెండు చావుల్ని పక్కన పెట్టి రాయలేడు.

ఎమర్జెన్సీ పోయాక జనకీయ సాంస్కారిక వేది అని ఒక సంస్థ వచ్చింది. ఎంఎల్, అంటే నక్సలైట్ల మార్క్సిస్టు లెనినిస్టు రాజకీయాలకి దగ్గరగా ఉండే సాంస్కృతిక సంఘం. మనకి విరసం 1970లో పుడితే, అక్కడ ఇది ఆ దశాబ్దం చివర్లో. వీధినాటకాలు, కవితా పఠనాలు, వయనాడ్ ఆదివాసీల ఆచారం నుంచి కె.జె. బేబీ తయారుచేసిన 'నాడుగద్దిక' నాటకం ఊరూరా తిప్పడం, అరెస్టులు, అవినీతి డాక్టర్‌ని జనం మధ్యలో నిలబెట్టి విచారించడం, ఇవన్నీ ఆ రోజులే. సచ్చిదానందన్ ఈ వేదికి బాగా దగ్గరగా ఉన్నారు, సమావేశాల్లో కవిత్వం చదివారు, దాని కోసం రాశారు. సీపీఎం వాళ్ళకి అప్పట్లో ఇదంతా నచ్చేది కాదు. విరసం ఇప్పటికీ నడుస్తోంది, వేది మాత్రం కొద్ది ఏళ్ళకే ఎనభైల మొదట్లో చెదిరిపోయింది.

అది చెదిరాక చాలామంది రెండు దారుల్లో పోయారు, ఒకళ్ళు మొత్తం వదిలేసి ఆధ్యాత్మికంలోకో ఉద్యోగంలోకో, ఇంకొకళ్ళు అధికార పార్టీ నీడలోకి. ఈయన రెండూ చెయ్యలేదని నా అభిప్రాయం. సిద్ధాంతం పేరుతో మనిషి గొంతు నొక్కేదాన్ని వదిలేశారు, అణగారినవాళ్ళ వైపు నిలబడటం మాత్రం వదల్లేదు. స్త్రీలు, ఆదివాసీలు, దళితులు, అడవి, నది, ఇవన్నీ ఆ ఎడమ వైపులోకి వచ్చి చేరాయి. పార్టీని బయట నుంచి సమర్థిస్తారు, తప్పనిపిస్తే బాహాటంగా అంటారు. 2023లో అయితే ఒక ఇంటర్వ్యూలో, మూడోసారి కూడా వరసగా అధికారం వస్తే పార్టీకే చేటు అన్నట్టు మాట్లాడారు, అదీ కేరళ సాహిత్య అకాడమీ అధ్యక్షుడిగా అదే ప్రభుత్వం పెట్టిన కుర్చీలో ఉండగా. పెద్ద దుమారమే రేగింది. కాబట్టి ఏ పక్షం అంటే, మీరు క్లాసులో చెప్పే లెక్కలాగా ఒకటే జవాబు రాదు సార్, ఆయన్ని సీపీఎం మనిషి అనలేం, నక్సలైట్ అనీ అనలేం, వామపక్షం అనకుండా మాత్రం ఉండలేం.

ట్రాన్స్‌లేటర్‌గా ఆయన స్పెషాలిటీ ఏంటండీ? స్పానిష్ రాదు, జర్మన్ రాదు, అయినా నెరూడాని, బ్రెహ్ట్‌ని ఇంగ్లీష్ నుంచే కదా చేసింది? అది నిజమైన అనువాదం అవుతుందా? నేను కూడా తెలుగులోకి చేస్తుంటాను, ఈ డౌట్ నన్నే తినేస్తోంది. – పాఠకురాలు, హైదరాబాద్

మంచి ప్రశ్నండీ, మీ డౌట్ నాకు అర్థమైంది.

చిలీ కవి నెరూడా, జర్మన్ కవి బ్రెహ్ట్, పెరూ కవి వయ్యెహో, పాలస్తీనా కవి దార్వీష్, ఇంకా ఎంతమందో, ఎక్కువగా ఇంగ్లీష్ మీదుగానే మలయాళంలోకి తెచ్చారు. మూలభాష వచ్చినవాడు చేస్తే ఇంకా బాగుంటుంది, అందులో రెండో మాట లేదు. కానీ టైమ్ చూడండి. 1973 సెప్టెంబర్ 11న చిలీలో సైన్యం అయెందే ప్రభుత్వాన్ని కూల్చింది, పన్నెండు రోజులకి నెరూడా పోయాడు. ఇంకో రెండేళ్ళు తిరక్కుండానే మన దగ్గర ఎమర్జెన్సీ. పేపర్ల మీద సెన్సార్, స్టూడెంట్స్ మాయమవుతున్నారు. అప్పుడు త్రిస్సూర్‌లోనో కోజికోడ్‌లోనో ఇరవై ఏళ్ళ కుర్రాడికి నెరూడా కవిత అతని సొంత భాషలో కావాలి, ఇప్పుడే కావాలి, స్పానిష్ నేర్చుకుని వచ్చే మలయాళీ కోసం ఆగే పరిస్థితి కాదు. నియంతృత్వం కింద కవి ఎలా రాస్తాడు అనేది బ్రెహ్ట్ దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం వాళ్ళకి నిజంగానే పడింది. మన శ్రీశ్రీ కూడా దేశదేశాల కవుల్ని తెలుగులోకి తెచ్చాడు కదా, ఆ ఆకలి లాంటిదే ఇది.

ఇంకో సంగతి, ఇది మీకు పనికొస్తుంది. ఆయన అనువాదాన్ని పక్క పనిగా చూడలేదు. కవిత రాయడం ఎంతో అదీ అంతే. ఆ కవుల్ని తేవడం వల్ల మలయాళ వచన కవితకే కొత్త ఊపిరి వచ్చింది, ఆయన సొంత కవితలో వాక్యం నడక కూడా మారింది. మాట్లాడుతున్నట్టే మొదలై, మధ్యలో హఠాత్తుగా ఒక బొమ్మ లేచి నిలబడటం, ఒక జాబితాలా సాగుతూ సాగుతూ కోపమో ప్రేమో అయిపోవడం, ఇవి నెరూడా దగ్గర ఉన్నవే. అలాగని పాత మలయాళ ఛందస్సు వదిలేయలేదు, పాత కవి ఎళుత్తచ్ఛన్ వాడిన కిళిప్పాట్టు, అంటే చిలకపాట నడకలు కూడా ఆయన చేతిలో ఉన్నాయి, కావాలనుకున్న చోట వాడతారు.

తన కవితల్ని ఇంగ్లీష్‌లోకి ఎక్కువగా ఆయనే చేసుకుంటారు. ఇక్కడ నాకు చిన్న అసంతృప్తి ఉంది. ఇంగ్లీష్‌లో ఆలోచన నిలబడుతుంది, బొమ్మ నిలబడుతుంది, కానీ మలయాళీ ఫ్రెండ్స్ గొంతెత్తి చదివితే వినిపించే ఆ ఊపు మాత్రం రాదు. ఆయన ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి చేసేవాళ్ళు ఒక్కసారి అయినా మలయాళం తెలిసినవాళ్ళ చేత మూలం చదివించుకుని విని చెయ్యండి. యూట్యూబ్‌లో ఆయనే చదివిన వీడియోలు కూడా దొరుకుతాయి. అర్థం కాకపోయినా పరవాలేదు, ఎక్కడ ఆగుతున్నాడు, ఎక్కడ పరిగెత్తుతున్నాడు అనేది చెవికి పడుతుంది.

మీ డౌట్‌కి జవాబు అంటారా, చెయ్యండి. మధ్యలో ఉన్న భాష పేరు దాచకుండా ముందుమాటలో రాయండి, రెండు మూడు ఇంగ్లీష్ అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. రేపు స్పానిష్ వచ్చిన తెలుగువాళ్ళు ఎవరో వచ్చి ఇంకా బాగా చేస్తే అప్పుడు మీది పక్కన పెట్టొచ్చు. అప్పటిదాకా పాఠకుణ్ణి ఖాళీ చేతులతో కూర్చోబెట్టడం న్యాయం కాదు కదా.

వామపక్షం అంటారు, మరి ఢిల్లీ వెళ్ళి పదేళ్ళు ప్రభుత్వ డబ్బుతో నడిచే అకాడమీకి కార్యదర్శిగా చేశారుగా? ఇది రాజీ కాదా మేడమ్? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

1992లో కాలేజీ ఉద్యోగం వదిలి కేంద్ర సాహిత్య అకాడమీ ఇంగ్లీష్ పత్రిక 'ఇండియన్ లిటరేచర్' ఎడిటర్‌గా వెళ్ళారు, 1996 నుంచి 2006 వరకు కార్యదర్శి. ఆ తర్వాత ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో అనువాద అధ్యయనాల విభాగానికి డైరెక్టర్.

రాజీ అని నేననను. అకాడమీ స్వతంత్ర సంస్థ, రచయితలే నడపాలి అన్నది మొదటి నుంచి ఉన్న మాట, ఆయన దాన్ని సీరియస్‌గా తీసుకున్నారు. ఒక భాష కవిని ఇంకో భాష పాఠకుడికి అందించే పనికి దేశంలో అంతకంటే పెద్ద చోటు లేదు, అనువాదకుడికి అది సరైన కుర్చీయే.

అసలు పరీక్ష 2015లో వచ్చింది. ఆగస్టు 30న ధార్వాడ్‌లో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఆయన అకాడమీ అవార్డు తీసుకున్న రచయిత. అకాడమీ నుంచి గట్టిగా ఒక్క ఖండన కూడా రాలేదు. అక్టోబర్‌లో సచ్చిదానందన్ అకాడమీలో తనకున్న కమిటీ సభ్యత్వాలన్నీ వదిలేసి బయటికొచ్చారు. తను పదేళ్ళు నడిపిన సంస్థ అది. దేశమంతా రచయితలు అవార్డులు వెనక్కివ్వడం మొదలైంది ఆ రోజుల్లోనే, చివరికి అక్టోబర్ 23న అకాడమీ కార్యవర్గం కూర్చుని ఖండన తీర్మానం చేసింది. చంపేసిన మనిషి ఎలాగూ తిరిగి రాడు గానీ, రచయితల సంస్థ రచయిత చావు మీద నోరు విప్పాలి అని అడగడం చాలా పెద్ద సంగతి. మీరు అడిగిన రాజీ ప్రశ్నకి ఆ అక్టోబర్ కంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

కవిత్వం చదవడం నాకు కొత్త. ఆయన కవితలు నాలాంటివాళ్ళకి అర్థమవుతాయా? ఒకటి రెండు చెప్తారా అక్కా? – గృహిణి, అనంతపురం

అవుతాయమ్మా, నిజంగా. ఒకటి గాంధీ మీద ఉంది. బక్కచిక్కిన కవిత ఒకటి గాంధీని చూద్దామని ఆశ్రమానికి వెళ్తుంది. ఆయన నూలు వడుకుతూ పట్టించుకోరు. తాను భజన పాట కానందుకు సిగ్గుపడుతూ అది గుమ్మంలో నిలబడుతుంది, దగ్గుతుంది. అప్పుడు చూసి అడుగుతారు, ఎప్పుడైనా నూలు వడికావా, పాకీ బండి లాగావా, తెల్లారుజామున వంటింటి పొగలో నిలబడ్డావా, ఆకలితో మాడావా అని. అది చెప్తుంది, అడవిలో వేటగాడి నోట్లో పుట్టాను, జాలరి గుడిసెలో పెరిగాను, పని మాత్రం రాదు, పాడటమే వచ్చు, ఒకప్పుడు రాజుల కొలువులో బొద్దుగా ఉండేదాన్ని, ఇప్పుడు వీధిలో సగం కడుపుతో ఉన్నాను అని. పరవాలేదు, కానీ ఆ సంస్కృతం మాట్లాడే అలవాటు మానుకో, పొలాల్లోకి వెళ్ళి రైతుల మాట విను అంటారు గాంధీ. కవిత గింజగా మారిపోయి, దున్నేవాడి కోసం పొలంలో ఎదురుచూస్తూ పడుంటుంది.

వంటింటి పొగ గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్న చాలదూ? వాల్మీకి, వ్యాసుడు ఇద్దరూ పేరు చెప్పకుండానే వచ్చేశారు చూడండి, వేటగాడు ఒకరు, జాలరి తల్లి కొడుకు ఇంకొకరు.

రెండోది అమ్మమ్మ మీద, చాలా చిన్నది. పిచ్చి ముదిరిన అమ్మమ్మని పిసినారి మామయ్య సామాన్ల గదిలో గడ్డి కప్పి ఉంచుతాడు. ఆమె ఎండిపోయి, పగిలి, గింజలు కిటికీలోంచి ఎగిరిపోతాయి. ఎండొచ్చి, వానొచ్చి, అందులో ఒకటి చెట్టవుతుంది, ఆ చెట్టు కోరికల్లోంచి నేను పుట్టాను, ఇక బంగారు దంతాల కోతుల గురించి కవితలు రాయకుండా ఎలా ఉంటాను అంటాడు. పిచ్చివాళ్ళ మీద ఇంకో కవితలో, వాళ్ళకి కులం లేదు, మతం లేదు అని మొదలుపెట్టి, వాళ్ళు మనలా పిచ్చివాళ్ళు కారు అనే దగ్గర ఆపుతాడు. ఇంట్లో అలాంటి మనిషి ఉండి, ఆ మనిషిని నలుగురికీ కనపడకుండా దాచే ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు చెప్పండి. ఆ కవితలు చదివితే నాకు రాజకీయం, కుటుంబం వేరు వేరుగా కనపడవు.

కమ్యూనిస్టు భావాలున్న కవి ఆండాళ్ మీద, కబీర్ మీద రాయడం ఏంటి? – తిరుపతి నుంచి ఒక పాఠకుడు

ఎందుకు రాయకూడదండీ. గుడి బయట నిలబెట్టినవాళ్ళే ఎక్కువగా భక్తి కవులయ్యారు. నేతగాడు కబీర్, పూలు కట్టే ఇంటి అమ్మాయి ఆండాళ్. తొంభైల్లో మతం పేరుతో దేశం కాలిపోతుంటే, దేవుణ్ణి కొట్లాటకి వాడుకునేవాళ్ళకి వదిలెయ్యకుండా, ప్రశ్నించే ఆ పాత గొంతుల దగ్గరికి వెళ్ళారు ఆయన. అంతకుముందే మలయాళ భాషకి పితామహుడనే ఎళుత్తచ్ఛన్ మీద కూడా రాశారు, ఆయనదీ పెద్ద కులమేమీ కాదు. ఇందులో వైరుధ్యం నాకైతే కనపడలేదు.

తెలుగులో ఎక్కడ మొదలుపెట్టాలి? – ఇద్దరు ముగ్గురు అడిగారు

ఇంగ్లీష్ చదవగలిగితే 'వైల్ ఐ రైట్' తీసుకోండి, 2011లో హార్పర్ కాలిన్స్ వేసింది, ఆయనే చేసుకున్న అనువాదాలు. 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన 'మరన్ను వెచ్చ వస్తుక్కళ్', ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువులు అని అర్థం, అది మలయాళం తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని చదవాల్సిన పుస్తకం. తెలుగులో ఆయన కవితలు మన పత్రికల్లో అక్కడక్కడా చూసే ఉంటారు, మా దగ్గరున్నవి వెతికి రెండు వచ్చే సంచికలో వేస్తాం.

మలయాళం నుంచి నేరుగా తెలుగులోకి చేసేవాళ్ళు మనకి చాలా తక్కువ. విశాఖలో ఎల్.ఆర్. స్వామి గారి లాంటివాళ్ళు, పుట్టింది కేరళలో, రాసింది తెలుగులో, 'సూఫీ చెప్పిన కథ' నవల అనువాదానికి అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. కథలు, నవలలు ఇలా వస్తున్నాయి, కవిత్వమే వెనకబడింది. మన పాఠకుల్లో కొచ్చిలోనో త్రివేండ్రంలోనో ఉద్యోగాలు చేస్తూ మలయాళం నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, పాలక్కాడ్ వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ నర్సులు, టీచర్లు ఉంటారు. మీరు ఒక్క కవిత చేసి పంపినా సరే, మూలం కూడా జత చేయండి, ఎవరి చేతనైనా సరిచూపించుకుని వేస్తాం.